ఊరి పేరు పెట్టుకున్న రికార్డులు: హార్డ్‌కోర్ పంక్‌లో ఏది కొనాలి, బెజవాడలో ఎలా వినాలి

ఒక ఊరి హార్డ్‌కోర్ పంక్ బ్యాండ్ల పాటలన్నీ కలిపి వేసిన సంకలనాల గురించి ఇది. ఒక్కటే కొంటాం, ఏది కొనమంటారు అంటే ‘ఫ్లెక్స్ యువర్ హెడ్’. రెండోదానికి డబ్బులుంటే ‘న్యూయార్క్ సిటీ హార్డ్‌కోర్: ది వే ఇట్ ఈజ్’. పేరు ఎక్కువగా వినపడే ‘దిస్ ఈజ్ బోస్టన్, నాట్ ఎల్.ఏ.’ని మూడో స్థానంలో పెట్టాం. అందులో ఉన్న పాటలతో పేచీ లేదు, లేని పాటలతోనే. మిగతావి ముందు ఫోన్‌లో విని, తర్వాత కొనాలో వద్దో తేల్చుకోవచ్చు.

హార్డ్‌కోర్ పంక్ కొత్త అయినవాళ్లకు రెండు ముక్కలు. 1970ల చివర్లో అమెరికా కుర్రాళ్లు పంక్ రాక్‌ని పట్టుకుని వేగం పెంచారు, పాట నిడివి తగ్గించారు, గిటార్ సోలోలు తీసి పారేశారు. పెద్ద కంపెనీలు పట్టించుకోకపోతే సొంతంగా లేబుళ్లు (రికార్డులు వేసే చిన్న కంపెనీలు) పెట్టుకున్నారు. దాంతో ఏ ఊరి సంగీతం ఆ ఊళ్లోనే పెరిగి, ఏ ఊరి లేబుల్ ఆ ఊరి బ్యాండ్లన్నిటినీ కలిపి ఒక ఎల్పీ (పెద్ద రికార్డు) వేయడం ఆనవాయితీ అయింది. ఒకే బ్యాండ్ ఆల్బం వింటే ఆ నలుగురి సంగతే తెలుస్తుంది. సంకలనం వింటే ఆ ఊళ్లో హాలు ఎలాంటిది, స్టూడియో ఎవరిది, ఎవరితో ఎవరికి పడదు అన్నవి కూడా బయటపడతాయి. ఒక్కో ఊరి శబ్దం ఒక్కోలా ఉండటానికి ఆ కుర్రాళ్ల కోపంలో తేడా కారణమని చాలామంది రాస్తుంటారు. కోపం అన్ని చోట్లా ఒకటే. తేడా అంతా గదిలో, గేటు దగ్గర వయసు అడిగే పద్ధతిలో, డ్రమ్మర్ అంతకుముందు ఏం విని పెరిగాడన్నదాంట్లో ఉంది. ఈ రికార్డులను ఆ లెక్కనే తూచాం.

వాషింగ్టన్ నుంచి మొదలుపెడదాం. ‘ఫ్లెక్స్ యువర్ హెడ్’ 1982 జనవరిలో డిస్కార్డ్ లేబుల్ మీద వచ్చింది. 11 బ్యాండ్లు, 32 పాటలు. డిస్కార్డ్ 1980లో పుట్టింది. టీన్ ఐడిల్స్ అనే కుర్ర బ్యాండ్ విడిపోతూ, కచేరీల మీద కూడబెట్టిన డబ్బుని పంచుకోకుండా తమ పాటలతో ఒక 7 అంగుళాల రికార్డు వేసింది, ఆ రికార్డు కోసం పెట్టిన పేరే లేబుల్ అయింది. అట్టల్ని వాళ్లే కత్తిరించి, మడిచి, గమ్ రాసి అతికించేవారు. ఈ సంకలనం వచ్చేనాటికి ఇందులోని కొన్ని బ్యాండ్లు అప్పటికే లేవు. అందుకే దీన్ని ప్రచారం కోసం వేసిన శాంపిల్ రికార్డు అనుకోవద్దు, మనవాళ్ల పాటలు పోకూడదని కట్టిన మూట ఇది.

డిస్కార్డ్ తొలి రికార్డింగులు జరిగిన ఇన్నర్ ఇయర్ స్టూడియో అప్పట్లో పొటోమాక్ నది అవతల ఆర్లింగ్టన్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్. చిన్న గది కాబట్టి ప్రతిధ్వని ఉండదు. స్నేర్ (కర్రలతో టక్కుమని కొట్టే డ్రమ్) దెబ్బ పొడిగా, దగ్గరగా తగులుతుంది. గిటార్ ఆగితే నిజంగానే ఆగిపోతుంది, తోక మిగలదు. వాషింగ్టన్ బ్యాండ్లలో అందరూ మెచ్చుకునే ఆ ‘టక్కున ఆగి టక్కున మొదలయ్యే’ తీరులో వాయించేవాళ్ల క్రమశిక్షణ ఎంతో, ఆ పొడి గది చలవ అంత. ఇదే వాయింపుని పెద్ద హాల్లో రికార్డు చేసి ఉంటే ఆ ఆగడాలన్నీ ప్రతిధ్వనిలో కలిసిపోయేవి.

ఈ రికార్డులో దగ్గరగా వినాల్సినవి రెండు. ఒకటి మైనర్ థ్రెట్ వాయించిన ‘12 ఎక్స్ యు’. అది లండన్ బ్యాండ్ వైర్ పాట. అసలు పాట విని వెంటనే ఇది వింటే ఇంగ్లండ్ పంక్‌కి, అమెరికా హార్డ్‌కోర్‌కి మధ్య జరిగింది ఏమిటో రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది: లండన్‌వాళ్లు వెటకారంగా పాడినదాన్ని వాషింగ్టన్‌వాళ్లు ఉన్నదున్నట్టు నమ్మి పాడారు. రెండోది వాయిడ్. వాళ్లది వాషింగ్టన్ కూడా కాదు, మేరీల్యాండ్‌లోని కొలంబియా. మిగతా పది బ్యాండ్లూ గీత గీసినట్టు వాయిస్తుంటే వీళ్ల గిటార్ మాత్రం ఫీడ్‌బ్యాక్‌తో (స్పీకర్ మోత మళ్లీ గిటార్‌లోకి పోయి పుట్టే కూతతో) అరుస్తూ డ్రమ్స్‌ని పట్టించుకోకుండా పోతుంది. స్పీకర్ పాడైందేమో అనిపిస్తుంది. పాడవలేదు, అది అంతే. మొదటిసారి విన్నప్పుడు చిరాకు పుట్టించేది, పదోసారికి రికార్డులో అన్నిటికన్నా కొత్తగా మిగిలేది వాయిడే.

వయసు సంగతి ఇక్కడే చెప్పాలి. బార్‌లో కచేరీ అంటే మైనర్లకు ప్రవేశం ఉండదు, వాయించేవాళ్లే మైనర్లు. టీన్ ఐడిల్స్ శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లినప్పుడు అక్కడి క్లబ్‌లో ‘వీడికి మందు పోయొద్దు’ అని గుర్తుగా చేతి మీద పెద్ద ఇంటూ మార్కు వేసి లోపలికి పంపారు. ఆ పద్ధతిని వాషింగ్టన్‌కి తెచ్చి క్లబ్బులను ఒప్పించారు. తర్వాత అదే మార్కు మందు, సిగరెట్, డ్రగ్స్ ముట్టని ‘స్ట్రెయిట్ ఎడ్జ్’ వాళ్లకు జెండా అయింది. 16 ఏళ్లవాళ్లు ముందు వరుసలో నిలబడగలిగిన ఊళ్లో మరుసటి ఏడాది పది కొత్త బ్యాండ్లు పుడతాయి. ఈ ఒక్క ఎల్పీలో 11 బ్యాండ్లు ఉండటానికి కారణం అదే.

రికార్డు లోపం కూడా చెప్పాలి. బ్యాడ్ బ్రెయిన్స్ ఇందులో లేరు. వాషింగ్టన్ నుంచి వచ్చిన ఈ నల్లజాతి బ్యాండ్ అక్కడి పిల్లలందరికీ వేగం నేర్పింది, 1980లోనే సింగిల్ వేసింది, తర్వాత న్యూయార్క్‌కి మారిపోయింది. జాజ్ ఫ్యూజన్ వాయించి పంక్‌కి వచ్చినవాళ్లు కాబట్టి ఎంత వేగంలోనూ తాళం చెదరదు. మధ్యమధ్యలో రెగే పాటలు వాయించి గుక్క తిప్పుకోనిస్తారు. ‘ఫ్లెక్స్ యువర్ హెడ్’తో పాటు రాయిర్ కంపెనీ 1982లో క్యాసెట్‌గా వేసిన వాళ్ల పసుపు అట్ట ఆల్బం కూడా వినకపోతే వాషింగ్టన్ కథ సగమే విన్నట్టు.

ఇక బోస్టన్. ‘దిస్ ఈజ్ బోస్టన్, నాట్ ఎల్.ఏ.’ కూడా 1982దే, మోడరన్ మెథడ్ లేబుల్. ఏడు బ్యాండ్లు. శబ్దం విషయానికొస్తే ఈ జాబితాలోని 1982 రికార్డుల్లో ఇదే బలంగా ఉంటుంది, గిటార్ మందంగా, కాలితో కొట్టే కిక్ డ్రమ్ స్పష్టంగా. గ్యాంగ్ గ్రీన్ వాయించే వేగానికి పదాలు పదాలుగా వినపడవు, మొత్తం ఒక్క అరుపుగా వినపడుతుంది. పేరుకి బోస్టన్ గానీ టైటిల్ పాట పాడిన ఫ్రీజ్ కేప్ కాడ్ వాళ్లు. విజయవాడ సంకలనం అని అట్ట మీద వేసి బందరు బ్యాండ్‌తో టైటిల్ పాట పాడించినట్టన్నమాట.

బెజవాడ శ్రోతకు ఈ రికార్డులో ఒక తమాషా ఉంది. ప్రోలెటేరియట్ అనే బ్యాండ్ నిదానంగా, కోణాలు కోణాలుగా వాయిస్తూ కార్మికుల గురించి, జీతాల గురించి పాడుతుంది. అదే రికార్డులో గ్యాంగ్ గ్రీన్ కుర్రాళ్లు కమ్యూనిస్టుల్ని చంపమని పాడతారు. రెండో దాంట్లో సిద్ధాంతం వెతక్కండి, పదహారేళ్ల పిల్లలు క్లాసులో మాస్టారిని రెచ్చగొట్టే బాపతు. కానీ ఒకే ఊరి బ్యాండ్లన్నీ ఒకే రాజకీయం మాట్లాడతాయనే భ్రమ ఈ రికార్డుతో పోతుంది. ఎర్రజెండాల ఊళ్లో పెరిగిన చెవికి ఇది ఇంకాస్త బాగా వినపడుతుంది.

మరి మూడో స్థానం ఎందుకు? ఎస్.ఎస్. డీకంట్రోల్ లేరు, డీ.వై.ఎస్. లేరు. బోస్టన్ స్ట్రెయిట్ ఎడ్జ్‌కి మొనగాళ్లు వాళ్లే. ఎస్.ఎస్. డీకంట్రోల్ అదే ఏడాది సొంతంగా మొదటి ఆల్బం వేసుకుంది. వాళ్లు లేని బోస్టన్ సంకలనం కొంటే ఆ ఊరి శబ్దంలో బరువున్న సగం చేతికి రాదు. ఈ రెండు బ్యాండ్లే 1984కల్లా మెటల్ వైపు జరిగిపోయాయి కూడా, ఆ జరగడం ఎలా జరిగిందో ఈ రికార్డులో ఆనవాలు కూడా దొరకదు.

పడమటి తీరం గురించి క్లుప్తంగా. లాస్ ఏంజెలెస్‌కి ‘రాడ్నీ ఆన్ ది రాక్’ అని 1980లో పాష్ బాయ్ వేసిన సంకలనం ఉంది. ఒక రేడియో జాకీ ఇష్టాల మూట అది. బ్లాక్ ఫ్లాగ్, సర్కిల్ జర్క్స్, అడోలసెంట్స్, సముద్రపుటొడ్డు సర్ఫ్ గిటార్ వాసన వచ్చే ఏజెంట్ ఆరెంజ్, వాటి పక్కనే హార్డ్‌కోర్‌తో సంబంధం లేనివి కూడా. ఒకసారి వినండి, కొనకండి. ఆ డబ్బుతో బ్లాక్ ఫ్లాగ్ తొలి ఈపీ ‘నర్వస్ బ్రేక్‌డౌన్’ తీసుకోండి. 1978లో రికార్డు చేసి 1979లో వేశారు, నాలుగు పాటలు. వేసిన ఎస్.ఎస్.టి. కంపెనీ అంతకుముందు గిటారిస్టు గ్రెగ్ గిన్ నడిపిన హ్యామ్ రేడియో విడిభాగాల వ్యాపారం. మరో సంగతి, వాషింగ్టన్ సంకలనంలో స్టేట్ ఆఫ్ అలర్ట్ అనే బ్యాండ్‌కి పాడిన కుర్రాడే 1981లో బ్లాక్ ఫ్లాగ్ గాయకుడయ్యాడు, హెన్రీ రోలిన్స్. ఈ ఈపీలో పాడింది మాత్రం అతను కాదు, ఆ సంకలనం పక్కన అతను పాడిన బ్లాక్ ఫ్లాగ్ రికార్డు పెట్టుకుంటే ఆ ప్రయాణం చెవికి తెలుస్తుంది. ఇక సర్కిల్ జర్క్స్ ‘గ్రూప్ సెక్స్’ 1980: 14 పాటలు, మొత్తం పావుగంట. రికార్డు తిప్పడానికి లేవడమే వ్యాయామం.

శాన్ ఫ్రాన్సిస్కోది ‘నాట్ సో క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’, 1982. రెండు ఎల్పీలు, 47 బ్యాండ్లు, ఉత్తర కాలిఫోర్నియా, నెవాడా కలిపి. అందరికీ తలా ఒక పాట, పంక్తి భోజనం. వరసగా వినలేం, బ్యాండ్‌కి రుచి పుట్టేలోపు అయిపోతుంది. కానీ దీంతో పాటు ఇచ్చిన పుస్తకమే ‘మాగ్జిమమ్ రాక్‌అండ్‌రోల్’ పత్రిక మొదటి సంచిక. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచంలో ఏ మూల పంక్ బ్యాండ్ ఉన్నా ఆ పత్రికకు ఉత్తరం రాసేది. పాత కాపీ ఎవరైనా అమ్ముతుంటే పుస్తకం ఉందో లేదో అడిగి కొనండి, అది లేకపోతే సగం ధర కూడా దండగ.

కాలం తెచ్చే తేడా వినాలంటే న్యూయార్క్‌ని మించిన ఊరు లేదు, ఎందుకంటే ఆరేళ్ల తేడాతో రెండు సంకలనాలు దొరుకుతాయి. మొదటిది 1982లో రాయిర్ వేసిన క్యాసెట్ ‘న్యూయార్క్ థ్రాష్’. వలస వచ్చిన బ్యాడ్ బ్రెయిన్స్, హార్ట్ అటాక్, క్రౌట్, ఇంకా హిప్‌హాప్‌లోకి పోకముందు పంక్ వాయించిన బీస్టీ బాయ్స్. ఇది విన్నవాళ్లెవరూ న్యూయార్క్‌కి ప్రత్యేకమైన శబ్దం ఉందని అనరు. వేగం ఉంది, అల్లరి ఉంది, ఎవరి దారి వాళ్లది.

రెండోది 1988లో రెవలేషన్ వేసిన ‘ది వే ఇట్ ఈజ్’. వార్‌జోన్, సిక్ ఆఫ్ ఇట్ ఆల్, గొరిల్లా బిస్కట్స్, బ్రేక్‌డౌన్, యూత్ ఆఫ్ టుడే, బోల్డ్. ఇక్కడ ఎవరైనా కళ్లు మూసుకుని విన్నా ఇది న్యూయార్క్ అని చెప్పేయొచ్చు. ఈ ఆరేళ్లలో మారింది ఏమిటి? ఒకటి, సీబీజీబీ క్లబ్‌లో ఆదివారం మధ్యాహ్నం కచేరీలు. రాత్రి మందు అమ్మకం పోకుండా, పగలు పిల్లలకు తలుపులు తీశారు. ప్రతి ఆదివారం ఒకే జనం, ఒకే చిన్న ఫ్లోర్. ఆ ఫ్లోర్ మీద జనం ఏ ముక్కకి కదులుతున్నారో స్టేజీ మీదవాళ్లకి తెలిసిపోతుంది, మరుసటి వారం ఆ ముక్కే పొడవవుతుంది. రెండు, ఆగ్నాస్టిక్ ఫ్రంట్, క్రో-మ్యాగ్స్ 1986లో వేసిన ఆల్బంలతో మెటల్ గిటార్ తీరు లోపలికొచ్చింది: అరచేతి అంచుతో తీగలు నొక్కిపట్టి వాయించే ‘చగ్’.

ఆ రెండూ కలిస్తే వచ్చింది బ్రేక్‌డౌన్ (పైన చెప్పిన బ్యాండ్ కాదు, పాట మధ్యలో నడక బరువెక్కే ముక్క). చేత్తో వేసుకుని చూస్తే వెంటనే పట్టుబడుతుంది. మామూలు హార్డ్‌కోర్ నడకలో కిక్, స్నేర్ ఒకదాని వెంట ఒకటి: డుం టక్ డుం టక్ డుం టక్ డుం టక్. ఎడమ చేత్తో తొడ మీద డుం, కుడిచేత్తో టక్, చేతులు నొప్పి పుట్టేదాకా. బ్రేక్‌డౌన్ రాగానే లెక్క సగానికి పడుతుంది: ఒకటి మీద డుం, మూడు మీద మాత్రమే టక్, రెండూ నాలుగూ ఖాళీ. పాట వేగం తగ్గినట్టు అనిపిస్తుంది గానీ చాలాసార్లు లోపలి లెక్క అదే ఉంటుంది, దెబ్బలే తగ్గుతాయి. కొత్త బ్యాండ్లు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. దెబ్బలు తగ్గించడానికి బదులు లెక్కే జారవిడుస్తారు, గిటార్ ఒక చోట, డ్రమ్ ఒక చోట పడుతుంది. ఈ రికార్డులో ఏ పాటైనా తీసుకుని ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టి చూడండి, లెక్క దాటించే తీరు తెలుస్తుంది. 1982 క్యాసెట్‌లో ఇలాంటి చోట్లు వెతుక్కోవాలి, 1988 ఎల్పీలో పాట పాటకీ తగులుతాయి.

ఇష్టాయిష్టాల మాట వేరు. పాటలుగా చూస్తే 1982 క్యాసెట్‌లో రంగులు ఎక్కువ, 1988 ఎల్పీలో పట్టు ఎక్కువ. తర్వాతి ముప్పై ఏళ్ల హార్డ్‌కోర్ దాదాపుగా ఈ రెండోదాని పిల్లే కాబట్టి ముందు ఇదే కొనాలి.

అమెరికా దాటితే రెండు తీసుకోవాలి. ‘గ్రిటో సుబుర్బానో’ 1982, బ్రెజిల్‌లోని సావో పాలో. మూడే బ్యాండ్లు: ఒల్యో సెకో, ఇనోసెంటెస్, కొలెరా. వేసింది పంక్ రోక్ డిస్కోస్ అనే రికార్డుల షాపు, షాపు ఓనరే ఒల్యో సెకో గాయకుడు. అప్పటికి అక్కడ సైనిక పాలన, రికార్డు వేయాలంటే సాహిత్యాన్ని సెన్సారుకు చూపించాలి. శబ్దం నాసిరకం, దాచేదేం లేదు: గిటార్ రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు, కింది స్థాయి (బాస్) శూన్యం. అయినా తెలుగులో పాడదామనుకునేవాళ్లు అన్నిటికన్నా ముందు వినాల్సింది ఇదే. పోర్చుగీసులోనూ చాలా మాటలు అచ్చుతోనే ముగుస్తాయి. అరిచేటప్పుడు చివరి అచ్చుని లాగితే పాట నీరసపడుతుంది. వాళ్లు చివరి అచ్చుని కోసేసి, నొక్కుని ముందు అక్షరం మీద వేసి, దాన్ని సరిగ్గా స్నేర్ మీద పడేశారు. ఇంగ్లీషు బ్యాండ్లు వింటే ఈ కిటుకు దొరకదు.

ఇంగ్లండ్‌కి సరైన ఊరి సంకలనం లేదు కాబట్టి బర్మింగ్‌హామ్ నేపామ్ డెత్ వాళ్ల ‘స్కమ్’ చాలు, 1987, ఇయర్‌ఏక్ లేబుల్, 28 పాటలు. ఇది ఒకే బ్యాండ్‌దే అయినా సంకలనం లాంటిదే: మొదటి వైపు 1986లో, రెండో వైపు 1987లో, మధ్యలో డ్రమ్మర్ మిక్ హారిస్ తప్ప అందరూ మారిపోయారు. దీనికి ముందు స్టోక్-ఆన్-ట్రెంట్ బ్యాండ్ డిశ్చార్జ్ 1982 ఆల్బం వినాలి. వాళ్ల పేరు మీదే డీ-బీట్ అనే నడక వచ్చింది: డుం - టక్ డుం - డుం టక్ -. ఆ గీతలున్న చోట ఖాళీ, ఎనిమిది లెక్కల్లో అయిదు దెబ్బలు. ఆ ఖాళీల వల్ల పాట ముందుకు తూలుతున్నట్టు ఉంటుంది. స్వీడన్, జపాన్ బ్యాండ్లు ఏళ్ల తరబడి ఇదే నడక మీద బతికాయి. ‘స్కమ్’లో మిక్ హారిస్ ఆ ఖాళీలన్నీ పూడ్చేసి, దెబ్బలు ఆగకుండా కురిసే బ్లాస్ట్ బీట్ చేశాడు.

1990ల నుంచి ఊరి సంకలనాలు పలచబడ్డాయి. క్లీవ్‌ల్యాండ్ ఇంటెగ్రిటీ, సిరక్యూస్ ఎర్త్ క్రైసిస్ లాంటి బ్యాండ్లకి ఊరి ముద్ర ఉంది గానీ, సంకలనాలు లేబుళ్ల పేరు మీద రావడం మొదలైంది. ఇంటర్నెట్ వచ్చాక బ్రేక్‌డౌన్ ఏ ఊరి సొత్తూ కాదు. 2010లో బాల్టిమోర్‌లో మొదలైన టర్న్‌స్టైల్ వాళ్లు 2021లో వేసిన ‘గ్లో ఆన్’లో న్యూయార్క్ 1988 ఉంది, వాషింగ్టన్ ఉంది, హార్డ్‌కోర్ కానిదీ బోలెడు ఉంది. బాల్టిమోర్ ఏదీ అని వెతికితే అది శబ్దంలో దొరకదు, కచేరీ ఎవరు ఏర్పాటు చేస్తారు, ఎంతకి అన్నదాంట్లో దొరుకుతుంది. మన దేశంలో ముంబై బ్యాండ్ డెత్ బై ఫంగీ వినండి, ఇదే సంగతి.

ఇప్పుడు వినే సామాను. ఈ రికార్డులు బాగోలేవని తేల్చేసేవాళ్లలో సగం మంది ఇంట్లో అసలు దోషం రికార్డుది కాదు.

మొదటిది, అమెరికా టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్). గుంటూరు, బెజవాడ ఇళ్లలో పిల్లలు అక్కడి నుంచి పంపినవో, తిరిగొస్తూ తెచ్చుకున్నవో ఉంటున్నాయి. 110 వోల్టులకి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుందనుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. పాత బెల్ట్ డ్రైవుల్లో ఉండే ఏసీ సింక్రనస్ మోటారు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది కాబట్టి నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 27.8 తిరుగుతుంది. శ్రుతి మూడు మెట్లు పైగా పడిపోతుంది. మైనర్ థ్రెట్ 46 సెకన్ల పాట 55 సెకన్లు సాగుతుంది, గాయకుడు కుర్రాడిలా కాకుండా కోటలో రాక్షసుడిలా వినపడతాడు. హార్డ్‌కోర్ ఎప్పుడూ వినని చెవికి ఇది తప్పు అని కూడా తెలియదు, అదే ప్రమాదం.

సరిచేసే దారి: మోటారు మీదున్న పుల్లీ మార్చాలి. ఆ మోడల్‌కి 50 హెర్ట్జ్ పుల్లీ దొరక్కపోతే ఆటోనగర్‌లో లేత్ మీద ఇత్తడిలో తీయించుకోవచ్చు. కొలత నేరుగా 1.2తో గుణిస్తే కొద్దిగా తప్పు వస్తుంది, బెల్ట్ మందాన్ని కూడా కలపాలి. పాత పుల్లీ 10 మి.మీ., బెల్ట్ 0.6 మి.మీ. అయితే 10.6ని 1.2తో గుణించి అందులోంచి 0.6 తీసేయాలి: 12.12 మి.మీ. రెండు మెట్ల పుల్లీ అయితే రెండో మెట్టుకీ అదే లెక్క. మధ్య రంధ్రం ఏ మాత్రం పక్కకు పోయినా శబ్దం అలలు అలలుగా ఊగుతుంది, డయల్ గేజ్ పెట్టి చూపించమనండి, 0.02 మి.మీ.కి మించి ఆడకూడదు. వేగం సరిచూడటానికి 50 హెర్ట్జ్ స్ట్రోబ్ డిస్క్ (వేగం సరిగ్గా ఉంటే బల్బు వెలుగులో నిలబడినట్టు కనపడే గీతల చక్రం) ప్రింట్ తీసుకోండి, 33⅓కి 180 గీతలు ఉంటాయి. 216 గీతలుంటే అది అమెరికా డిస్క్. ఎల్ఈడీ బల్బు కింద గీతలు నిలబడకపోవచ్చు, పాత ఫిలమెంట్ బల్బు వెలిగించి చూడండి. అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారు టర్న్‌టేబుళ్లకి ఈ బాధ లేదు, అడాప్టర్ మీద 100-240 వోల్టులని రాసి ఉంటే చాలు.

రెండోది, హోం థియేటర్ సబ్‌వూఫర్. 1982 రికార్డుల్లో కింది స్థాయి ఎలాగూ తక్కువ, అందులో ఏదుందో అదంతా గిటార్, స్నేర్ ఉండే మధ్య స్థాయిలోనే ఉంది. బాస్ బూస్ట్ పెడితే మోత ఒకటి పైన కప్పేస్తుంది, పదాలు పోతాయి. సబ్ ఆపేసి, సరౌండ్ ఆపేసి, రెండు స్పీకర్ల స్టీరియోలో వినండి. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు ఆంప్లిఫయర్ గుర్రుమంటే దాన్ని వాయిడ్ గిటార్‌లో భాగం అనుకోకండి. కరెంటు ఉన్నప్పుడూ గుర్రుమంటుంటే టర్న్‌టేబుల్ గ్రౌండ్ వైర్ ఫోనో ప్రీఆంప్‌కి బిగించారో లేదో చూడండి.

ఫోన్‌లో వినేవాళ్లకి ఒకటే మాట: యాప్ సెట్టింగ్స్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మీదే తర్వాతి పాట మొదలు కలిపేది) సున్నాకి పెట్టండి, షఫుల్ ఆపండి. అయిదు సెకన్ల క్రాస్‌ఫేడ్ ఉంటే ముప్పై సెకన్ల పాటలో మొదలూ చివరా పోతాయి. ‘స్కమ్’లోని అతి పొట్టి పాట ‘యు సఫర్’ నిడివి గిన్నిస్ లెక్కన 1.316 సెకన్లు, అది మొత్తానికే మాయమైపోతుంది. డిస్కార్డ్ రికార్డులు దాదాపు అన్నీ పాటలు విని కొనుక్కునే బ్యాండ్‌క్యాంప్ సైటులో ఉన్నాయి, ‘ఫ్లెక్స్ యువర్ హెడ్’ అక్కడ విని నచ్చాకే ఎల్పీకి వెళ్లండి.

ఎల్పీలు తెప్పించుకునేవాళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు ఆర్డర్ పెట్టండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, వినైల్ ఏపాటి. 60 డిగ్రీల దగ్గరే అది మెత్తబడటం మొదలవుతుంది, మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన డెలివరీ వ్యానులో ఆ వేడి పుట్టడం కష్టమేం కాదు. ప్యాకెట్ రాగానే విప్పి, రికార్డుని కంటి ఎత్తులో పళ్లెం మీద తిప్పి చూసి, అంచు పైకీ కిందకీ ఆడుతుంటే వీడియో తీసి ఆ రోజే అమ్మినవాళ్లకి పంపండి, వారం తర్వాత పంపితే మీ ఇంట్లోనే వంగిందంటారు. నిలబెట్టే సర్దాలి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే కిందివి వంగుతాయి. వానాకాలం అట్టలకు బూజు పడుతుంది, బయటి ప్లాస్టిక్ కవరు నోరు పూర్తిగా మూయకుండా వదిలేస్తే తేమ లోపల నిలవదు. తొలి ముద్రణల కోసం వేలకు వేలు అడిగేవాళ్ల జోలికి పోవద్దు. డిస్కార్డ్, రెవలేషన్ ఇప్పటికీ తమ పాత రికార్డులు అమ్ముతున్నాయి, కొత్త కాపీలోనూ అవే పాటలు, గీతలు తక్కువ.